కొట్టేసిన గడి

డాక్టరమ్మ మా అక్క గుండెకు ఆరు వారాల గడువు ఇచ్చారు. గడువు అన్న మాట ఆమెది కాదు. ఆమె "ఆరు వారాలు చూద్దాం" అని మాత్రమే అన్నారు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు గడువులు పెట్టడం అలవాటైన నోరు కాబట్టి నేను దాన్ని గడువు చేశాను.

అది అక్కను ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. బావ మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు కాబట్టి యూనిఫారం చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. డాక్టరమ్మ మందుల చీటీ వెనక్కి తిప్పి దాని మీద మూడు గీతలు గీశారు. గుండెకు రక్తం తెచ్చే పెద్ద నాళాలు మూడు.

నేను ఎనిమిదో తరగతికి ఏటా గుండె పాఠం చెబుతాను. నాలుగు గదులు, కవాటాలు, ఎర్ర సుద్దతో మంచి రక్తం, నీలం సుద్దతో చెడు రక్తం. కళ్లు మూసుకుని బోర్డు మీద గీయగలను. ఒళ్లంతటికీ రక్తం పంచే గుండె తన కండకు కావలసిన రక్తాన్ని ఎలా తెచ్చుకుంటుందో మా పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. దాని మీద పరీక్షలో ప్రశ్న రాదు. నేను ఎప్పుడూ అక్కడ ఆగిన గుర్తు లేదు.

"ఇది పూర్తిగా మూసుకుపోయింది," అంటూ డాక్టరమ్మ నడిమి గీత మీద పెన్ను ఆనించారు. "మొన్న తెరిచి స్టెంటు పెట్టాం. రక్తం బాగానే వెళుతోంది."

"అయితే గండం గడిచినట్టేగా?" అన్నాడు బావ.

"ఒక గండం గడిచింది. రక్తం ఆగిన ఆ నాలుగు గంటల్లో కండ కొంత చచ్చిపోయింది. దాన్ని ఎవరూ లేపలేరు. కొంత చావలేదు, మూర్ఛపోయింది. రక్తం తిరిగి వచ్చినంత మాత్రాన అది వెంటనే లేచి పని మొదలుపెట్టదు. రోజులు పడుతుంది. ఒక్కోసారి వారాలు."

"దారి తెరిచాక బండి కదలకపోవడం ఏమిటండీ?"

"బండికి ఆకలి ఉండదు కదా. కండకు ఉంటుంది." ఆమె మిగిలిన రెండు గీతల మీద చిన్న చిన్న అడ్డగీతలు పెట్టారు. "ఈ రెండూ బాగా సన్నబడి ఉన్నాయి. తెరిచినదాంట్లో కూడా కొస దాకా నాళం బాగాలేదు. ఊరికే కూర్చుంటే వచ్చే రక్తం సరిపోతుంది. లేచి పనిచేస్తే చాలకపోవచ్చు. చాలనప్పుడల్లా ఆ కండ మళ్లీ సొమ్మసిల్లుతుంది. మాటిమాటికీ అలా జరిగితే ఇక లేవడమే మానేస్తుంది."

"ఆ రెండూ కూడా ఇప్పుడే తెరిచేయకూడదా?" అని నేను అడిగాను.

"కిడ్నీ అంకెలు పెరిగాయి మాస్టారూ. నాళాలు కనబడడానికి ఎక్కించే రంగుమందు ఇప్పుడే మళ్లీ ఎక్కిస్తే తట్టుకోలేరు. ఆరు వారాలు చూద్దాం. అప్పుడు మళ్లీ స్కాన్ చేసి, లేచిన కండ ఎంతో చూసి మిగతావాటి సంగతి తేలుద్దాం. ఈలోగా రక్తం చాలడం లేదని ఏ చిన్న సూచన కనిపించినా ఆరు వారాలు ఆగక్కర్లేదు. ఆ రోజే తీసుకురండి. నొప్పి, ఆయాసం, కాళ్లవాపు, నిద్ర పట్టకపోవడం. ఇవి కాక కొత్తగా ఏదనిపించినా సరే."

"ఇప్పుడు గుండె బలం ఎంత ఉందండీ?" అని అక్క అడిగింది.

"నూటికి ముప్పై అయిదు."

అక్క నా వైపు తిరిగింది. "ముప్పై అయిదంటే పాసే కదరా!"

డాక్టరమ్మ నవ్వారు. "అరవై దాకా ఉండాలమ్మా."

"అబ్బో, ఫస్టుక్లాసు అడుగుతున్నారు. మా ఇంట్లో ఎవరికీ రాలేదండీ ఇంతవరకూ. మా తమ్ముడు మాస్టారయ్యాడు గానీ వాడిదీ సెకండుక్లాసే."

మా అక్క అంతే. మాటకు తడుముకోదు. బాధ చెప్పాల్సి వస్తే దానికి ఒక వేషం వేసి పంపిస్తుంది. మా నాన్న పోయినప్పుడు కూడా, "పెద్దాయన చెప్పులు మాత్రం వదిలేసి వెళ్లాడు, అక్కడ ఎండలు లేవేమో" అంది. ఆ మాట విని నేను ఆమె మీద కోప్పడ్డాను. ఆ తరువాత వారం రోజులపాటు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్క దర్జీ. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. గోడ వారగా రెండు కుట్టుమిషన్లు, మధ్యలో బట్ట కత్తిరించే బల్ల, మేకుకు వేలాడే టేపు. వెనక రెండు గదుల్లో అక్కా బావా ఉంటారు. మేడమీద గది నాది. నేను పెళ్లి చేసుకోలేదు. వాళ్లకు పిల్లలు లేరు. బావ రెండు రోజులు డ్యూటీలో ఉండి ఒక రోజు ఇంట్లో ఉంటాడు కాబట్టి, అక్కను చూసుకునే పని నామీద పడింది. పడింది అనడం సరికాదు. నేనే తీసుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం ఒక పొడుగు నోటుపుస్తకం తీసి స్కేలుతో గళ్లు గీశాను. తేదీ, ఛాతీలో నొప్పి, ఆయాసం, కాళ్లవాపు, నిద్ర. డాక్టరమ్మ "కొత్తగా ఏదనిపించినా" అన్నారు కదా అని చివర ఇంకో గడి గీసి పైన "ఇతర విషయాలు" అని రాశాను. మిగతావి నేను అడిగి రాస్తాను. ఆ గడి మాత్రం నీది, నువ్వే రాయాలి అని అక్కకు చెప్పాను.

"హాజరుపట్టీ చూపిస్తే గుండె భయపడి బడికొస్తుందంటావా?"

"క్రమం తప్పకుండా రాస్తే ఏది పెరుగుతోందో, ఏది తగ్గుతోందో తెలుస్తుంది."

"సరే మాస్టారూ."

రోజూ సాయంత్రం ఆరింటికి ఆమె బల్ల దగ్గర కూర్చునేది. నేను ఎదురుగా కూర్చుని అడిగేవాణ్ణి. ఛాతీలో నొప్పి? లేదు. ఆయాసం? లేదు. ప్రశ్నలు అయ్యాక పుస్తకం తన వైపు లాక్కుని, బట్ట మీద గుర్తులు పెట్టే పెన్సిలుతో చివరి గడిలో ఏదో గీకి ఇచ్చేది. మొదటి వారం ఇలా ఉంది:

"తమ్ముడి కూరలో ఉప్పు లేదు. డాక్టరమ్మ వద్దందని కాదు, వేయడం మరిచాడు."

"ఇవాళ వీధి చివరిదాకా నడక. వెనకాల మాస్టారు. బెత్తం ఒక్కటే తక్కువ."

"మా ఆయన ఫోను చేసి ఎలా ఉన్నావు అని నాలుగుసార్లు అడిగాడు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో అడిగింది మొత్తం మూడుసార్లు."

బావ డ్యూటీ నుంచి రాగానే చేతులు కూడా కడుక్కోకుండా ముందు ఆ గడే చదివేవాడు. చదివి పెద్దగా నవ్వేవాడు. "ఏం బావమరిదీ, మీ అక్క నీ పుస్తకాన్ని వారపత్రిక చేసేసిందే!" అనేవాడు. నాకూ నవ్వు వచ్చేది. మందులు వేళకు పడుతున్నాయి, ముఖంలో రంగు తిరిగి వచ్చింది. నేను గీసిన గళ్ల నిండా "లేదు" అన్న మాటే ఉంది. ఇంతకన్నా మంచి ప్రోగ్రెస్ కార్డు నేను చూడలేదు.

రెండో వారంలో మెట్లు ఎక్కనిచ్చాం. మెల్లగా, పదహారు మెట్లు, మధ్యలో ఒకసారి ఆగి. కుట్టడం వద్దన్నారు కాబట్టి, "కుట్టను, కత్తిరిస్తాను" అని కత్తెర పట్టుకుంది. మా బడి యూనిఫారాలు ఆమే కుడుతుంది. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఆ వారం గడిలో ఆమె రాసినవి:

"మెట్ల దగ్గర కింది దవడ అలిగింది. పైకి రానని కూర్చుంది. ఒక నిమిషం బతిమాలితే వచ్చింది."

"కత్తెర ఒళ్లు చేసింది. నిన్నటికీ ఇవాళ్టికీ సగం బరువు పెరిగింది. దానికీ పథ్యం పెట్టాలి."

"దవడ ఇవాళ కూడా మెట్ల దగ్గరే మొరాయించింది. పళ్లు ముప్పై రెండూ కలిసి సమ్మె చేస్తున్నాయి. కూర్చోగానే రాజీకొచ్చాయి."

సమ్మె సంగతి చదివి బావ బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు.

పద్నాలుగో రోజు సాయంత్రం పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మర్నాడు డాక్టరమ్మకు చూపించాలి. నల్లసిరాతో వరసగా నా అక్షరాలు, చివర పెన్సిలుతో వంకరటింకరగా ఆమె రాతలు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి ముందు పిల్లవాడి బొమ్మలున్న హోంవర్కు పుస్తకం పెట్టినట్టు అనిపించింది.

"ఇది ఆసుపత్రికి తీసుకెళ్లే పుస్తకం అక్కా. ఎగతాళి రాతలతో ఎలా చూపిస్తాను?"

"ఏం, ఆవిడకు నవ్వు రాదా?"

"నవ్వడానికా వాళ్లు ఉన్నది?"

"మరి ఏడవడానికా?"

కొత్త పుస్తకం తీసి ఫెయిర్ కాపీ రాయడం మొదలుపెట్టాను. పద్నాలుగు రోజులవీ అయిదు గళ్లలోకి ఎక్కించాను. ఆరో గడి గీయలేదు. పాత పుస్తకంలో ఆ గడి పేరు మీద స్కేలు ఆనించి ఒక అడ్డగీత గీశాను. ఆమె కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని అంతా చూస్తూ కూర్చుంది.

"ఒరేయ్, పనిలో పనిగా నా గుండెకు కూడా ఒక ఫెయిర్ కాపీ రాసిపెట్టరా. పాతదాంట్లో కొట్టివేతలు ఎక్కువయ్యాయి."

"రేపటి నుంచి అడిగినదానికే జవాబు. కథలు వద్దు," అన్నాను.

ఇది నేను తరగతిలో వాడే మాట. ప్రశ్నకు తగిన జవాబే రాయండి, తెలిసిందంతా రాయకండి అని పరీక్షల ముందు ప్రతి ఏడాదీ చెబుతాను.

"చిత్తం మాస్టారూ," అంది అక్క.

మర్నాడు డాక్టరమ్మ పుస్తకం తిరగేసి, "ఇంత శుభ్రంగా రాసేవాళ్లను నేను చూడలేదు," అన్నారు. కిడ్నీ పరీక్షకు రక్తం తీయించారు. బీపీ చూశారు, ఈసీజీ తీయించారు. రెండింటిలోనూ తేడా లేదు. "ఎలా ఉందమ్మా?" అని అక్కను అడిగారు. అక్క నోరు తెరిచేలోగా నేను, "నొప్పి లేదు డాక్టరమ్మా, ఆయాసం లేదు. మెట్లు కూడా ఎక్కుతోంది," అన్నాను. అక్క నా వైపు చూసి, "అంతా వాడే రాశాడండీ," అంది. ఆమె నవ్వుతూనే అంది. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు.

అప్పటి నుంచి పుస్తకంలో అయిదు గళ్లే. రోజుకో వరస. అడగడానికీ రాయడానికీ కలిపి రెండు నిమిషాలు పట్టేది.

ఇరవై ఆరో రోజున, నా చేతిలో దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. ప్రశ్నలు అడిగేసి, లేవబోతున్నాను.

"అది కాదురా, ఈ మెట్లెక్కేటప్పుడు..."

"ఆయాసమా?"

"ఆయాసం కాదు."

"నొప్పా? ఛాతీలోనా?"

"ఛాతీలో ఏం లేదు."

"అయితే లేదనే కదా రాయాలి?"

అక్క కాసేపు నా చేతిలో కట్ట వైపు చూసింది. "రాసుకో. నువ్వడిగినవాటికి లేదనే," అంది. ఆ తరువాత కత్తెర తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేసింది. రెండో చేత్తో చెంప కింద నొక్కుకుంది. అలసటనుకున్నాను. ఆ మాట కూడా రాయలేదు. అలసటకు గడి లేదు.

ముప్పై ఎనిమిదో రోజు పొద్దున పదకొండు గంటలకు నేను తరగతిలో ఉన్నాను. వాన మొదలైంది. బావ ఇంట్లోనే ఉన్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు. డాబా మీద ఆరేసిన బట్టలు తడుస్తాయని అక్క పైకి వెళ్లింది. బావ "నేను తెస్తాను ఉండు" అన్నాడట. "నీ ముఖాన సగం సబ్బుంది, నిన్ను చూసి వాన ఆగిపోతుంది" అందట. బట్టలు తీసుకుని దిగుతూ కింది నుంచి నాలుగో మెట్టు మీద కూర్చుంది. బావ ముఖం కడుక్కుని వచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది, బట్టల కుప్ప ఒళ్లో పెట్టుకుని. తల గోడకు ఆనించి ఉంది. ఆ బట్టల్లో మూడు చొక్కాలు నావి.

ఆరు వారాల పరీక్షకు ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

ఆ తరువాతి నెల రోజుల గురించి చెప్పడానికి ఏమీ లేదు. నేను బడికి వెళ్లాను. బావ డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం ఆరింటికి ఇద్దరిలో ఎవరమూ బల్ల దగ్గర కూర్చోలేదు. వంట నేను చేసేవాణ్ణి. బావ ఏది పెట్టినా తినేవాడు, ఉప్పు మాట ఎత్తేవాడు కాదు.

మిగిలిన మాత్రలు ఆసుపత్రిలో ఇచ్చేయమని బావ అడిగాడు. ఎవరికైనా పనికొస్తాయి అన్నాడు. ఒక ఆదివారం పొద్దున మాత్రల సంచీ తీసి, గడువు తేదీలు చూసి వేరు చేస్తున్నాను. సంచీ అడుగున ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కరపత్రం మడత విప్పకుండానే ఉంది. దాన్ని నేను చదవలేదు. డాక్టరమ్మ నోటితో చెప్పినదంతా రాసుకున్నాను కదా, మళ్లీ కాగితం ఎందుకు అనుకున్నాను. పుస్తకం చదవకుండా వచ్చే పిల్లలను నేను బెంచీ ఎక్కిస్తాను.

మడత విప్పాను. అందులో ఇలా ఉంది: గుండెకు రక్తం చాలనప్పుడు నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. ముఖ్యంగా ఆడవాళ్లలో మెడ, కింది దవడ, పళ్లు, వీపు, చేయి లాగినట్టుగా, బరువుగా అనిపించవచ్చు. శ్రమపడినప్పుడు వచ్చి కూర్చోగానే తగ్గితే అది గుండెదే కావచ్చు. ఆలస్యం చేయకండి.

"కింది దవడ" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పాత పుస్తకం తీయనక్కర్లేదు. ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. అయినా తీశాను. తొమ్మిదో రోజు, మెట్ల దగ్గర దవడ. పదకొండో రోజు, బరువెక్కిన కత్తెర. పదమూడో రోజు, మళ్లీ మెట్లు, మళ్లీ దవడ, ముప్పై రెండు పళ్లు, కూర్చోగానే రాజీ. శ్రమపడినప్పుడు వచ్చింది, కూర్చోగానే తగ్గింది. కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు తన సొంత మాటల్లో రాసిపెట్టింది. సొంత మాటల్లో రాసినవాళ్లకు నేను ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

ఆ గడి పేరు మీద నా అడ్డగీత ఉంది. స్కేలుతో గీసినది కాబట్టి తిన్నగా ఉంది.

సోమవారం సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లాను. మాత్రలు మందుల కౌంటరులో ఇచ్చాను. డాక్టరమ్మ గది బయట నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను. లోపలికి వెళ్లి పాత పుస్తకం బల్ల మీద పెట్టి, ఆ మూడు వరసలు చూపించాను.

ఆమె చదివారు. నవ్వలేదు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"ఇది మీరు నాకు చూపించిన పుస్తకం కాదు," అన్నారు.

"అది ఫెయిర్ కాపీ."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. బయట నర్సు ఎవరినో వరసలో నిలబడమంటోంది.

"పదిహేనో రోజున మీరు ఇది చూసి ఉంటే?" అని అడిగాను. అడగడానికి వెళ్లింది అదొక్కటే. దారిలో ఆ ప్రశ్నను పదిసార్లు దిద్దుకున్నాను.

"ఆ రోజే చేర్చుకునేదాన్ని."

"చేర్చుకుంటే?"

"కిడ్నీ అంకెలు అప్పటికి దిగాయి. సన్నబడిన రెండిట్లో ఒకదాన్నైనా తెరిచేవాళ్లం." ఆమె మాట్లాడుతూనే పుస్తకంలో ఆ వరస మీద వేలు పెట్టారు. "ఆమె కండ లేవడానికి ప్రయత్నిస్తూనే ఉంది మాస్టారూ. మెట్లెక్కిన ప్రతిసారీ, కత్తెర పట్టిన ప్రతిసారీ రక్తం చాలక మళ్లీ పడిపోయింది. దవడ చెప్పింది అదే. తెరిచి ఉంటే తప్పకుండా బతికేవారని నేను చెప్పలేను. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేడు."

"బతికేది కాదని కూడా చెప్పలేరు కదా."

"చెప్పలేను."

నేను లేచి నిలబడ్డాను. ఆమె పుస్తకం మూసి రెండు చేతులతో నాకు అందించారు.

"తప్పు మీ ఒక్కరిదే కాదు. ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నారు. మీరు జవాబు చెబితే నేను ఊరుకున్నాను. మళ్లీ ఆవిడనే అడగాల్సింది."

ఇది ఆమె నాకు ఇచ్చిన ఊరట. నేను తీసుకోలేకపోయాను. ఆమెకు రోజుకు వందమంది. నాకు ఒక్కతే.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. బావకు ఆ రోజు నాలుగింటికి డ్యూటీ. ముందుగదిలో కత్తిరించి వదిలేసిన యూనిఫారం బట్టలను ఎవరివి వాళ్లకు ఇచ్చేయడానికి కట్టలు కడుతున్నాడు. ప్రతి కట్టకూ కొలతల చీటీ గుచ్చి ఉంది, అక్క చేతిరాత. అతనికి ఆ కొలతల లెక్క తెలియదు. చీటీ, బట్ట పక్కపక్కన పెట్టుకుని రంగు చూసి పోల్చుకుంటున్నాడు.

దారంతా నేను ఒకటే ఆలోచించాను. చెప్పకుండా ఉండవచ్చు. డాక్టరమ్మ తనంతట తాను బావకు ఫోను చేసి చెప్పరు. పాత పుస్తకం నా గదిలో ఉంటుంది. బావ కరపత్రాలు చదివే మనిషి కాదు. కానీ ఒకే ఇంట్లో, ఒకే కంచాల వరసలో కూర్చుని ఇంకా ఎన్నేళ్లు తినాలి? అది ఆమె మొగుడికి తెలియవలసిన విషయం. ఏది తెలియాలో, ఏది అక్కర్లేదో ఒకసారి నేను నిర్ణయించాను. చాలు.

"బావా, ఒక మాట చెప్పాలి."

"చెప్పు." సూదితో చీటీ గుచ్చుతూనే ఉన్నాడు.

నిలబడే చెప్పాను. కరపత్రం సంగతి, దవడ సంగతి, కొట్టేసిన గడి, ఫెయిర్ కాపీ, అక్క నోరు తెరిచేలోగా నేను చెప్పిన జవాబు, ఇరవై ఆరో రోజున ఆమె మొదలుపెట్టి ఆపేసిన మాట. డాక్టరమ్మ అన్న మాటలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. నా తరఫున ఏమీ కలపలేదు. క్షమించమని కూడా అడగలేదు. అడిగితే అతను ఏదో ఒకటి అనాల్సి వస్తుంది.

బావ చేతులు ఆగిపోయాయి. కట్టేసిన కట్ట విప్పి, మళ్లీ కట్టాడు.

"పళ్లు సమ్మె చేశాయని రాసిందే, అదా?" అన్నాడు.

"అదే."

"అది నేనూ చదివాను కదయ్యా."

"చదివావు."

"చదివి నవ్వాను."

నేను చేతిలో పుస్తకం వెనక్కి పెట్టుకున్నాను.

"ఆ మర్నాడు బస్సులో మా కండక్టరుకు చెప్పాను. మా ఆవిడ పళ్లు ముప్పై రెండూ సమ్మె కట్టాయిరా అని. వాడు టిక్కెట్లు కొడుతూ వెనక సీటుదాకా అందరికీ చెప్పాడు. బస్సు బస్సంతా నవ్వింది. డిపోలో ఇప్పటికీ నన్ను చూస్తే, సమ్మె విరమించారా అన్నా అని అడుగుతారు. తెలియనివాళ్లు." కట్ట మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. "తెలిసినవాళ్లు అడగరనుకో."

"బావా..."

"ఈ నెల రోజులూ స్టీరింగు పట్టుకున్నానంటే దేన్ని పట్టుకుని అనుకున్నావు? అదుగో, ఆ రాతలనే. ఘాట్ రోడ్డులో నిద్ర ముంచుకొస్తే ఒకటి తల్చుకునేవాణ్ణి. కత్తెర ఒళ్లు చేసింది అని. ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి. అది నొప్పని చెబుతున్నావు నువ్విప్పుడు."

"చెప్పకుండా ఉండాల్సిందా?"

అతను చాలాసేపు ఆలోచించాడు. కోపంతో అయితే ఇంతసేపు పట్టేది కాదు.

"ఉండలేవు నువ్వు. నీ సంగతి నాకు తెలియదా?" అన్నాడు. "తప్పు దిద్దకుండా నీకు అన్నం దిగదు. దిద్దావు. నీ బరువు కాస్త దిగిందేమో. నాకు ఇంక తల్చుకోవడానికి ఏం మిగల్లేదు, అంతే."

ఏమీ దిగలేదని చెప్పాలనుకున్నాను. చెబితే అది కూడా నా గురించే అవుతుంది.

బావ మిగిలిన కట్టలు బల్ల చివరకు జరిపాడు. మేకుకు వేలాడుతున్న యూనిఫారం చొక్కా తీసి తొడుక్కున్నాడు. ఒక గుండీ తప్పుగా పెట్టి, విప్పి, సరిగా పెట్టుకున్నాడు.

"అన్నం తిని వెళ్లు," అన్నాను.

"ఆకలిగా లేదు."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, వెనక్కి తిరగకుండానే, "ఆ పుస్తకం మాత్రం పారేయకు," అన్నాడు.

"లేదు."

"నాకు చూపించకు కూడా."

అతను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడు టైము రెండున్నర. డిపో పది నిమిషాల నడక. డ్యూటీకి ఇంకా గంటన్నర ఉంది.